ట్యాంకులో మందా, బెంచ్ సర్వీసా, కొత్త ఇంజెక్టర్లా: ఏది మేలు?

మూడు లక్షల కిలోమీటర్లు దాటిన డీజిల్ పికప్ ఉన్నవాళ్లందరూ నన్ను అడిగేది దాదాపు ఒకటే. "పొద్దున్నే సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి వస్తోంది. స్లో స్పీడ్‌లో బండి ఊగుతోంది. లోడు మీద లాగడం లేదు. ట్యాంకులో క్లీనర్ పోస్తే సరిపోతుందా, ఇంజెక్టర్లు విప్పించాలా, ఏకంగా కొత్తవి వేయించాలా?" ఇంతకాలం "ముందు మందు పోసి చూడండి, పోయేదేముంది" అని చెప్పి ఊరుకునేవాణ్ని. ఈ మధ్య 3,40,000 దగ్గర నా బండికే ఆ మూడు లక్షణాలూ ఒకేసారి వచ్చాయి. జేబు మనదైతే ఆలోచన ఇంకోలా ఉంటుంది.

ఇంజెక్టర్ అంటే సిలిండర్‌లోకి డీజిల్‌ను తుంపరగా చిమ్మే భాగం. అది చెడిందంటే మురికి పట్టడమైనా కావాలి, అరగడమైనా కావాలి. నాజిల్ కొన దగ్గర డీజిల్ చిమ్మే రంధ్రాలు ఒక్కొక్కటీ 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు ఉంటాయి. వాటి చుట్టూ కార్బన్ పేరుకుంటే తుంపర సన్నగా పడదు, పొగ వస్తుంది, లాగుడు తగ్గుతుంది. ఇది మురికి. అరుగుదల లోపలి సంగతి. నాజిల్‌ను తెరిచి మూసే సూదికీ, అది కదిలే గూటికీ మధ్య సందు 2 నుంచి 4 మైక్రాన్లే. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల వరకు ఉంటుందంటే ఆ సందు ఎంత సన్నమో ఊహించుకోండి. అక్కడ లోహం అరిగితే ఏ మందూ దాన్ని తిరిగి నింపలేదు. కాబట్టి ఏది మేలో తేల్చేముందు మన ఇంజెక్టర్లకి మురికి పట్టిందా, అవి అరిగాయా అన్నది తెలియాలి. చాలామంది ఇది తెలుసుకోకుండానే ఖర్చు మొదలుపెడతారు, నిన్నమొన్నటి వరకు నేనూ అంతే.

తెలుసుకోవడానికి నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది రిటర్న్ పరీక్ష. కామన్ రైల్ అంటే పంపు ఒత్తిడితో డీజిల్ నింపే ఉమ్మడి గొట్టం, అన్ని ఇంజెక్టర్లకీ డీజిల్ అక్కడినుంచే వస్తుంది. ఆ రకం ఇంజెక్టర్‌లో కరెంటుతో పనిచేసే కాయిల్ నేరుగా సూదిని లేపదు. సూది పైన ఒక చిన్న గది ఉంటుంది, అందులో కూడా రైల్ ప్రెషరే నిండి సూదిని కిందికి అదిమి పెడుతుంది. కాయిల్ ఒక చిన్న వాల్వును తెరవగానే ఆ గదిలోని డీజిల్ కొంత ట్యాంకుకి వెనక్కి వెళ్లే రిటర్న్ పైపులోకి జారిపోతుంది, పైన ఒత్తిడి తగ్గి సూది లేస్తుంది. అంటే ప్రతి ఇంజెక్షన్‌కీ కొంత డీజిల్ వెనక్కి రావడం మామూలే. ఆ వాల్వు కూర్చునే సీటు అరిగితేనే చిక్కు. అప్పుడు మూసి ఉన్నా కారుతూనే ఉంటుంది. ఇంజన్ తిరుగుతున్నప్పుడు పంపు ఎలాగో సర్దుకుపోతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు పంపు తిరిగేదే నెమ్మదిగా, పైగా వచ్చినదంతా రిటర్న్‌లోకి పోతుంటే స్టార్ట్ అయ్యేంత ప్రెషర్ రైల్లో నిలవదు. పొద్దున సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి రావడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే. చల్లటి ఇంజన్ అందుకోవడానికి వేడి ఇచ్చే గ్లో ప్లగ్గులు మార్చి, బ్యాటరీ మార్చి, చివరికి ఇంజెక్టర్ల దగ్గరికి వచ్చినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

పరీక్ష పెద్ద పనేమీ కాదు. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ పైపు తీసి, దాని బదులు గీతలున్న పారదర్శకమైన సీసా తగిలించి, వేడెక్కిన ఇంజన్‌ను కొన్ని నిమిషాలు యాక్సిలరేటర్ తొక్కకుండా స్లోలో తిప్పాలి. నాలుగు సీసాలూ ఇంచుమించు సమానంగా నిండితే అదొక కథ. ఒకటి మిగతావాటికి రెండు మూడింతలు నిండితే దోషి దొరికినట్టే. అన్నీ సమానంగా ఉన్నా అన్నీ ఎక్కువే వస్తే అది కూడా అరుగుదలే, అందుకని ఆ ఇంజన్ తయారీదారు ఇచ్చిన పరిమితితో పోల్చుకోవాలి. కాయిల్ బదులు కరెంటు ఇస్తే సాగే స్ఫటికంతో పనిచేసే పీజో ఇంజెక్టర్లున్న బండిలో మాత్రం ఇలా చేయొద్దు. వాటిలో కొన్ని రకాలు పనిచేయాలంటే రిటర్న్ పైపులో కొంత ఒత్తిడి నిలిచి ఉండాలి, దానికి వేరే పరికరం కావాలి.

రిటర్న్ పరీక్షకి ఒక పెద్ద లోటుంది, దాచిపెట్టను. నాజిల్ కొన సిలిండర్‌లోకి బొట్టు బొట్టుగా కారుతుంటే ఆ డీజిల్ సీసాలోకి రాదు. దానికి స్కానర్‌లో ఒక్కో సిలిండర్‌కి ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఇస్తున్న సవరణ అంకెలు చూడాలి. ఏ సిలిండర్‌కి కోత పెడుతోందో, దేనికి అదనంగా ఇస్తోందో అందులో కనిపిస్తుంది. తెల్ల పొగ, ఠకఠకమనే నాకింగ్, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గకపోగా పెరుగుతుండటం కూడా కారే నాజిల్ గుర్తులే. ఆయిల్ పెరిగిందంటే డీజిల్ కిందికి దిగి అందులో కలుస్తోందని అర్థం. ఆ బండిని ఇంకో వారం నడిపిద్దాం అనుకోవద్దు. ఎక్కువ డీజిల్ పోసే ఇంజెక్టర్ పిస్టన్ తలకి కన్నం పెట్టగలదు.

ఇంకో మాట. పాత మెకానికల్ ఇంజన్లలో ఏ సిలిండర్ మిస్సింగ్ కొడుతోందో చూడటానికి ఇంజెక్టర్ పైపు నట్టు కొంచెం వదులు చేసి చూసేవాళ్లు. కామన్ రైల్ మీద ఆ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. 1997లో కార్లలోకి వచ్చిన తొలి తరం కామన్ రైలే 1,350 బార్‌తో (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) పనిచేసేది, ఇప్పటివి 2,000 బార్ దాటాయి. ఆ ప్రెషర్‌తో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ఇక మందు సంగతి. నేను మందుకి వ్యతిరేకిని కాను. మంచి డిటర్జెంట్ ఉన్న డీజిల్ క్లీనర్ నాజిల్ కొనలోని కార్బన్‌ను నిజంగానే తొలగిస్తుంది. ఈ మందులను పరీక్షించే యూరప్ ఇంజన్ పరీక్ష ఒకటుంది. అందులో నాజిళ్లు త్వరగా పూడుకుపోవాలని డీజిల్‌లో కావాలనే పది లక్షల్లో ఒక వంతు జింక్ కలుపుతారు. అంత తక్కువ జింక్ కూడా అంత పని చేస్తుంది. అందుకే డీజిల్ నిల్వకి జింకు పూత ఉన్న డబ్బాలు వాడొద్దనేది. నాజిల్ లోపల, వాల్వు చుట్టూ జిగురులా పట్టే పొర ఇంకో రకం మురికి. దాని మీద కూడా కొన్ని మందులు పనిచేస్తాయి, కాకపోతే ఒక ట్యాంకుతో కాదు, రెండు మూడు ట్యాంకులు పడుతుంది. రిటర్న్ మామూలుగా ఉండి, బండి కాస్త బద్ధకించి, పొగ కొంచెం ఎక్కువైతే మందుతో మొదలుపెట్టడం తెలివైన పనే. లేబుల్ మీద చెప్పిన కొలతే పోయాలి. రెట్టింపు పోస్తే రెట్టింపు గుణం రాదు. వదిలిన మురికి ఫిల్టర్‌కి పడుతుంది కాబట్టి ఆ తర్వాత ఫిల్టర్ మార్చేయాలి.

మందు పేరుతో కిరోసిన్, పెట్రోల్ పోసేవాళ్లకి ఒక్క మాట. పంపుకీ ఇంజెక్టర్లకీ ఆయిల్ వేరే ఉండదు, డీజిలే వాటికి ఆయిల్. గంధకం తీసేసే శుద్ధిలో డీజిల్‌కి సహజంగా ఉండే ఆ జిడ్డుగుణం కూడా పోతుంది, రిఫైనరీలో దాన్ని మళ్లీ విడిగా కలపాల్సి వస్తుంది. దాన్నే కిరోసిన్‌తో పలచబరిచి పోస్తే శుభ్రం సంగతేమో గానీ అరుగుదల ఖాయం. టూ స్ట్రోక్ ఆయిల్ కలిపితే బండి మెత్తగా నడుస్తుందనేవాళ్లూ ఉన్నారు. నేను కలపను. పొగ ఫిల్టర్ ఉన్న బండిలో ఆ ఆయిల్ బూడిద అక్కడే మిగులుతుంది.

ట్యాంకు లైను విడదీసి, ఇంజన్‌ను నేరుగా క్లీనర్ డబ్బా మీద నడిపే పద్ధతి కూడా ఉంది. ట్యాంకులో పోసేదాని కంటే గాఢంగా ఉంటుంది, ఫలితం మాత్రం అదే కోవ. అరిగినదానికి ఇదీ పనికిరాదు.

నేను ఎంచుకున్నది బెంచ్ సర్వీస్. డీజిల్ పంపులు, నాజిళ్లు చేసే షాపులో ఇంజెక్టర్లను విప్పి మెషిన్ మీద పెట్టి ఫుల్ లోడ్, మధ్య లోడ్, స్లో, అసలు ఇంజెక్షన్‌కి ముందు పడే చిన్న పైలట్ బొట్టు, ఇలా ఒక్కో దగ్గర ఎంత చిమ్ముతోందో, ఎంత వెనక్కి వస్తోందో కొలుస్తారు. ముసలి ఇంజెక్టర్ గుట్టు బయటపడేది ఎక్కువగా పైలట్ దగ్గరే. ఫుల్ లోడ్‌లో పాసైపోయి పైలట్‌లో అసలు చిమ్మనివి ఉంటాయి, స్లోలో బండి ఊగడానికి అలాంటిదే కారణం. కొలిచాక వాల్వు సెట్, నాజిల్ మార్చి, మళ్లీ కొలిచి ఇస్తారు. ముందు వచ్చిన అంకెలు, తర్వాత వచ్చిన అంకెలు కాగితం మీద ఇవ్వని షాపు పని నాకొద్దు. అల్ట్రాసోనిక్ తొట్టిలో ముంచి తీసి "క్లీన్ అయింది సార్" అని చేతిలో పెడితే అది మందు పోసినదాంతో సమానం. ఆ తొట్టి కూడా మురికినే తీస్తుంది.

బెంచ్ సర్వీస్‌లో ఎక్కువ భయపడాల్సింది విప్పేటప్పుడు, తిరిగి బిగించేటప్పుడు. ఇన్నేళ్లు కదలని ఇంజెక్టర్ హెడ్‌లో పట్టుకుపోయి ఉంటుంది, అడ్డదిడ్డంగా లాగితే ఇంజెక్టరే విరుగుతుంది. కింద ఉండే రాగి వాషర్ ప్రతిసారీ కొత్తది వేయాలి, అది కూర్చునే సీటును బ్రష్షుతో శుభ్రం చేయాలి. అక్కడ నలుసు మిగిలితే మంట గ్యాసు పక్కనుంచి పైకి తన్నుకొచ్చి ఇంజెక్టర్ చుట్టూ తారులాంటి నల్లటి ముద్ద కడుతుంది. సాగే రకం బిగింపు బోల్టు ఉన్న ఇంజన్లలో బోల్టు కూడా కొత్తదే. చాలా ఇంజెక్టర్ల ఒంటి మీద ఒక కోడ్ ఉంటుంది. తయారీలో వచ్చిన చిన్న చిన్న తేడాలు అందులో ఉంటాయి, ఈసీయూ దాన్ని బట్టే డీజిల్ కొలుస్తుంది. నాజిల్, వాల్వు మారాక పాత కోడ్ చెల్లదు, షాపు కొత్త కోడ్ ఇవ్వాలి, స్కానర్‌తో అది ఎక్కించాలి. ఇది వదిలేసి "సర్వీస్ చేయించినా తేడా లేదు" అనేవాళ్లే ఎక్కువ.

కొత్తవి వేస్తే ఈ తలనొప్పుల్లో సగం ఉండవు, ఒప్పుకుంటాను. పీజో రకానికి మరమ్మతు అంతంతమాత్రమే కాబట్టి చాలాసార్లు మార్చడమే దారి. ఒంటికి పగులు ఉన్నా, బెంచ్ మీద ఒకటికి రెండుసార్లు ఫెయిలైనా ఆలోచించనక్కర్లేదు. కానీ సోలినాయిడ్, అంటే కాయిల్ రకం, ఇంజెక్టర్ ఒంటి లోహం బాగుండి వాల్వు మాత్రమే అరిగితే మొత్తం పారేయడం నాకు మనసొప్పదు. చవకగా దొరికే కొత్తవాటిలో నకిలీలూ ఎక్కువ. నా లెక్కలో తెలియని కొత్తదాని కంటే కాగితంతో వచ్చిన పాతదే నయం.

ఒకటే మార్చాలా, నాలుగూ మార్చాలా అంటే, నాలుగూ బెంచ్ మీద పెట్టించండి. చెడింది మాత్రమే బాగుచేయించండి. రెండు పోయి మిగతా రెండు పరిమితి అంచున ఉంటే మాత్రం నాలుగూ చేయించడమే మంచిది, హెడ్ దగ్గర ఆ విప్పదీత మళ్లీ మళ్లీ పెట్టుకునే పని కాదు.

వీటన్నిటికంటే ముందు పాత ఫిల్టర్ కోసి కాగితం విప్పి చూడండి. మెరిసే లోహపు పొడి కనిపిస్తే ఇంజెక్టర్ల సంగతి పక్కన పెట్టండి. హై ప్రెషర్ పంపు తనను తాను తినేస్తోంది. పంపు, లైన్లు, ట్యాంకు తేల్చకుండా కొత్త ఇంజెక్టర్లు వేస్తే వాటినీ అదే పొడి తినేస్తుంది. అడుగున నీళ్లు కనిపిస్తే తుప్పు కథ మొదలైనట్టే. ఫిల్టర్ కింద నీళ్ల కప్పు ఉన్నదే ఆ నీళ్లు బయటికి వదలడానికి, దాన్ని తిప్పి వదలని బళ్లే ఎక్కువ. కొత్త ఫిల్టర్‌లో డబ్బాతో డీజిల్ పోసి నింపి బిగించడం కూడా తప్పే, ఆ డీజిల్ వడకట్టకుండా నేరుగా పంపులోకి పోతుంది. చేతి పంపుతో ఎయిర్ తీయడమే పద్ధతి.

పాత మెకానికల్ ఇంజన్లకి ఈ చర్చంతా అక్కర్లేదు. నాజిల్ మార్చి, తెరుచుకునే ప్రెషర్ సెట్ చేయిస్తే చాలు. ఇంజన్ ఆయిల్ ఒత్తిడితో నడిచే ఇంజెక్టర్లున్న పికప్పుల్లో సగం జబ్బులు ఆయిల్ వేళకి మార్చకపోవడం వల్లే వస్తాయి, వాటికి మొదటి మందు ఆయిలే.

నా బండిలో మూడో సీసా మిగతావాటికి రెండింతల పైగా నిండింది. నాలుగూ బెంచ్ ఎక్కాయి. మూడోదానికి వాల్వు, నాజిల్ రెండూ మారాయి, రెండోదానికి నాజిల్ మారింది, మిగతా రెండూ పాసయ్యాయి. ఇప్పుడు సెల్ఫ్ ఒక్క తిప్పుకే అందుకుంటోంది. పాసైన వాటిలో నాలుగోది మాత్రం పరిమితికి కాస్త దగ్గరగానే ఉంది. వచ్చే ఫిల్టర్ మార్పుకి మళ్లీ సీసాలు తగిలిస్తాను.