పుల్-డౌనా, టూ-హైబ్రిడా? ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఏది మేలు

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే గుంటూరు, విజయవాడ ఎమ్మెస్సీ పిల్లలు నన్నడిగేది ఇదే: "మేడమ్, బాక్టీరియాలో ఈ రెండు ప్రొటీన్లు కలుస్తాయని ఎలా చూపించాలి?"

దారులు రెండు: కణంలోనే చూసే టూ-హైబ్రిడ్, కణం బయట ఒక ప్రొటీన్‌ని పూసలకు పట్టించి లాగి, రెండోది వెంట వస్తుందా అని చూసే పుల్-డౌన్. నేనైతే ముందు టూ-హైబ్రిడ్ చేయమంటాను. ఈ.కోలై కణం పొడవు రెండు మైక్రాన్లే. లోపల మాత్రం ప్రొటీన్లు, ఆర్ఎన్ఏ కలిపి లీటరుకు 300 గ్రాములకు పైనే కిక్కిరిసి ఉంటాయి. పుల్-డౌన్ కోసం సోనికేటర్‌తో (ధ్వని తరంగాల పరికరం) కణాన్ని పగలగొట్టి బఫర్‌లో కలపగానే ఆ కిక్కిరింత పోతుంది. బలహీనమైన పట్టు అక్కడే విడిపోతుంది. కణంలో ఎన్నడూ ఎదురుపడని జంట ట్యూబులో అతుక్కోనూ వచ్చు.

1998లో వచ్చిన బాక్టీరియా టూ-హైబ్రిడ్‌లో అంతా బతికున్న కణంలోనే జరుగుతుంది. కోరింత దగ్గు బాక్టీరియా ఎంజైము అడినైలేట్ సైక్లేజ్‌ని రెండు ముక్కలు చేసి, మన ప్రొటీన్లకు చెరొకటి తగిలిస్తాం. ప్రొటీన్లు కలిస్తే ముక్కలు దగ్గరై సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పుడుతుంది. అది కణంలో ఒక ఎంజైము జన్యువును మేల్కొలుపుతుంది, ఆ ఎంజైము ప్లేటులోని ఎక్స్-గాల్‌ని కోసి రంగు తెప్పిస్తుంది, కాలనీ నీలమవుతుంది. కణపు పొరలో ఉండే ప్రొటీన్లకూ పనికొస్తుంది. నాకు దీని మీద మక్కువ అందుకే.

చిక్కల్లా ఎండతోనే. ప్లేట్లు 30 డిగ్రీల్లో ఒకటి రెండు రోజులుండాలి. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేస్తుంది గానీ చల్లబరచదు. ఒక మే నెలలో మా ల్యాబ్ విద్యార్థిని ప్లేట్లన్నీ, పాజిటివ్ కంట్రోల్‌తో (కలుస్తాయని ముందే తెలిసిన జంట) సహా, తెల్లగానే వచ్చాయి. ప్లాస్మిడ్లను (జన్యువులను కణంలోకి మోసే డీఎన్ఏ వలయాలు) అనుమానిస్తూ రెండు వారాలు పోగొట్టుకున్నాం. చివరికి థర్మామీటర్ పెట్టి చూస్తే లోపల 38. కూలింగ్ ఉన్న బీఓడీ ఇంక్యుబేటర్ దొరికాకే మొదలుపెట్టండి.

పుల్-డౌన్‌కీ చల్లదనం కావాలి. కరెంటు పోయి 4 డిగ్రీలు తప్పితే ప్రొటియేజులు (ప్రొటీన్లను కోసే ఎంజైములు) శాంపిల్‌ని కొరికేస్తాయి. కానీ మధ్యలో మూడో ప్రొటీన్ లేకుండా నేరుగానే పట్టుకున్నాయని తేల్చాలంటే, శుద్ధి చేసిన ప్రొటీన్లతో పుల్-డౌన్ చేయాల్సిందే. నీలం వచ్చిన జంటకే ఆ శ్రమ పడండి.

ప్రొటీన్‌తో కలిసేది మందు అణువైతే ఈ రెండూ వద్దు. కణాలకు మందిచ్చి పీసీఆర్ మెషిన్‌లో మెట్లుమెట్లుగా వేడి చేసి, ఏ వేడికి ప్రొటీన్ గడ్డకడుతోందో చూడండి. మందు పట్టుకుంటే సాధారణంగా ఇంకాస్త వేడికి ఓర్చుకుంటుంది.

ఇంకొకటి: కంట్రోల్ నీలంగా ఉండి మీ జంట తెల్లగా వస్తే వెంటనే "కలవవు" అని రాసేయకండి. తగిలించిన ముక్కే అడ్డుపడుతుండవచ్చు. దాన్ని ప్రొటీన్ రెండో కొసకు మార్చి మళ్లీ చేయండి.