పింక్ డబ్బాల మేడం దగ్గర "హార్మోన్ ప్యాకేజీ" తీసుకునేటోళ్ళు జర ఆగుండ్రి

పేరు రాస్తలేను, రాస్తే మళ్ళ అదో లొల్లి. హన్మకొండ, కాజీపేట దిక్కు ఉన్నోళ్ళకు పింక్ డబ్బాల మేడం అంటే చాలు, సమజైపోతది. బతుకమ్మ పండుగ ముందు ఫంక్షన్ హాల్ల ఆడవాళ్ళకు ఫ్రీ చెకప్ అని పెట్టి, ఒక మిషన్ మీద నిలబెట్టి "నీ బాడీ వయసు 52" అని అందర్ని భయపెట్టింది గదా, ఆమెనే. నాకు 36 ఏండ్లు.

కథంత చెప్పే ఓపిక లేదు. నాకు థైరాయిడ్ ఉన్నది, చిన్నోడు పుట్టినప్పటి నుంచి రోజు పొద్దుగాల టాబ్లెట్ వేసుకుంటున్న. బరువు దిగుతలేదు, దువ్వెన పెడితే జుట్టు చేతికొస్తది, మనసు కూడ బాగుంటలేదు. ప్యాకేజీ 14,500 అన్నది. పౌడర్లు, జుట్టుకని గమ్మీలు, వాట్సాప్ గ్రూపు, ఇంక "ఎమోషనల్ సపోర్ట్ కాల్స్". నిజం చెప్పాల్నంటే నేను పైసలు కట్టింది ఆ కాల్స్ కే. ఇంట్ల ఎవరికి చెప్పుకుంటం చెప్పుండ్రి, అమ్మకు చెప్తె ఆమెకు బీపీ లేస్తది, మా ఆయనకు చెప్తె "పండుకో, పొద్దుగాలకు అదే తగ్గుతది" అంటడు.

ఫోన్ల మేడం ఎంత మంచిగ వింటదో. "బంగారం, అంత చెప్పుకో, ఇది మన ఇద్దరి మధ్యనే ఉంటది" అన్నది. చెప్పిన. రాత్రి అందరు పండుకున్నంక బాత్రూంల నల్లా ఇప్పి ఏడుస్తనని, పిల్లల మీద ఊకె ఒర్రుతున్నని, అత్తమ్మ అన్న మాటలు, అన్ని చెప్పిన. ఆమె అటు నుంచి ఊ కొడుతుంటే నాకు పానం తేలికైనట్టు ఉండేది.

కొన్ని రోజులకు టెస్ట్ చేపిచ్చుకో అన్నది. టీఎస్‌హెచ్, అంటె థైరాయిడ్ చూసే రక్త పరీక్ష, 2.1 వచ్చింది, మామూలు లెక్కనే. ఇగ ఆమె సంబరం చూడాలె, నా రిపోర్ట్ మీద పువ్వుల బొమ్మలు పెట్టి స్టేటస్ ల పెట్టుకున్నది, పేరు మాత్రం కొట్టేసింది, అప్పటికి ఆ మర్యాద ఉండె. "చూసినవా, థైరాయిడ్ పోయింది, ఇంక ఆ ఇంగ్లీష్ గోళీ ఎందుకు, జీవితాంతం మింగుతవా" అన్నది. ఆపిన. బీఎస్సీ చదివిన మనిషిని, పింక్ డబ్బా మీద అంత నమ్మకం మరి.

తర్వాత ఏమైందంటే కాళ్ళు వాసుడు, ఎప్పుడు నిద్రే, పీరియడ్ వస్తె రక్తం ఆగకపోవుడు, ఏడుపు ఇంకింత ఎక్కువ. మేడంకు చెప్తె "టాక్సిన్స్ బయటికి పోతున్నయ్, ఇంకో నెల పౌడర్ తీసుకో" అన్నది. రెండో నెలకు నా దగ్గర పైసలు లేవన్న, ఇది నాకు పడ్తలేదు, సీల్ తీయని డబ్బాలు వాపస్ తీసుకోండి మేడం అన్న. మెసేజ్ చూసింది, జవాబు లేదు. ఫోన్ చేస్తె ఎత్తది. మొన్నటిదాక బంగారం బంగారం అని పిలిచిన మనిషి.

ఇగ ఆఖరుకు గ్రూపుల రాసిన. మస్తు మర్యాదగ రాసిన, ఒక్క మాట తప్పు రాయలే, "మేడం, డబ్బాలు వాపస్ గురించి జర చెప్పండి" అని, అంతే. అప్పుడు పెట్టింది చూడుండ్రి మెసేజ్. ఉన్నది ఉన్నట్టు రాస్తున్న:

"అక్కా, మా ప్రొడక్ట్ తో ఎంతోమందికి రిజల్ట్ వచ్చింది. నీ ప్రాబ్లం ప్రొడక్ట్ కాదు. రాత్రి బాత్రూంల నల్లా ఇప్పి ఏడ్చేటోళ్ళకు ఏ పౌడర్ పనిచెయ్యదు. ముందు మీ అత్తమ్మతో సర్దుకో, తర్వాత వాపస్ గురించి మాట్లాడుదాం." కింద రెండు దండం పెట్టే చేతులు.

ఆ దండం బొమ్మలు చూస్తె ఇప్పటికి నాకు ఒళ్ళు మండుతది. ఆ గ్రూపుల మా కాలనోళ్ళు ఉన్నరు, మా పిల్లల స్కూల్ టీచర్ ఉన్నది, మా ఆడబిడ్డ ఉన్నది. ఆడబిడ్డను చేర్పించింది నేనే, మనిషిని చేర్పిస్తె 500 తగ్గిస్తరంట గదా, ఆ 500 కు నా ఇజ్జత్ పోయింది. నేను వంటింట్ల నిలబడి చదువుతున్న, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నయ్, చెయ్యి కదుల్తలేదు. అందరు చదివినట్టు కనిపిస్తుంది, ఒక్కరు ఏందిది మేడం అని అడగలే, ఎవరో ఒకామె అయితె ఆమె మెసేజ్ కు లవ్ సింబల్ కొట్టింది. ఐదు నిమిషాలకు అందరి ఫోన్ల నుంచి మెసేజ్ డిలీట్ చేసి, నన్ను గ్రూపుల నుంచి తీసేసింది. డిలీట్ చేస్తె చదివినోళ్ళ బుర్రల నుంచి పోతదా? పొద్దుమూకి అత్తమ్మ ఫోన్, "మేమేం చేసినం బిడ్డా నీకు, ఊరందరికి చెప్పుకుంటున్నవ్" అని. నేనేం చెప్పాలె ఆమెకు?

ఇంకో నంబర్ నుంచి మేడంకు ఫోన్ చేస్తె ఎత్తింది. "నేను నీ మంచికే చెప్పిన, నువ్వు నెగెటివ్ ఎనర్జీ, గ్రూపు మొత్తం పాడైతది" అని పెట్టేసింది. నెగెటివ్ ఎనర్జీ అంట! పైసలు తీసుకునేటప్పుడు ఆ ఎనర్జీ ఎక్కడ పోయిందో.

తెల్లారి మా వదిన పట్టుకపోయి లేడీ డాక్టర్ కు చూపించింది. ఆమె నా ముఖం చూసింది, రిపోర్ట్ చూసింది, "ఈ రిపోర్ట్ మీకు సరిపోతలేదు, ఇంకేమన్న వాడుతున్నరా" అని అడిగింది. గమ్మీల డబ్బా తీసి చూపెట్టిన. ఒక్కో గమ్మీల బయోటిన్ అనే విటమిన్ 10,000 మైక్రోగ్రాములు అని రాసి ఉన్నది, నేను రోజు రెండు తింటున్న. మనిషికి రోజుకు కావాల్సింది 30, 40 మైక్రోగ్రాములేనంట. డాక్టరమ్మ చెప్పింది ఏందంటే, కొన్ని ల్యాబ్ మిషన్లు ఆ టెస్ట్ చేసే పద్ధతిలనే బయోటిన్ వాడతరు, మన రక్తంల అది ఎక్కువుంటె టీఎస్‌హెచ్ ఉన్నదానికంటె తక్కువ చూపిస్తది, టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ ఎక్కువ చూపిస్తది. అమెరికాల మందులు, టెస్టులు చూసే గవర్నమెంట్ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్ళు 2017లనే దీని గురించి హెచ్చరిక ఇచ్చిన్రంట. గమ్మీలు ఆపి మూడు రోజులాగి మళ్ళ టెస్ట్ చేస్తె టీఎస్‌హెచ్ 31, అది ఇంత ఎక్కువ వస్తె థైరాయిడ్ సరిగ్గ పనిచేస్తలేనట్టు. హిమోగ్లోబిన్ 8.9, ఆడవాళ్ళకు 12 ఉండాలె. అంటె థైరాయిడ్ పోలేదు, గమ్మీలు తిని ఇచ్చిన రక్తంల దాక్కున్నది, దాన్ని చూసి ఉన్న గోళీ ఆపించింది ఈ మహాతల్లి.

ఇంకోటి కూడ ఉన్నది. టాబ్లెట్ ఆపకముందు పొద్దుగాల "రెండు ఒకేసారి కానియ్యి" అని పౌడర్ తోనే వేసుకోమనేది. ఆ పౌడర్ల సోయా, కాల్షియం, ఐరన్ ఉన్నయ్. థైరాయిడ్ టాబ్లెట్ పరగడుపున ఉత్త నీళ్ళతోనే వేసుకోవాలె, కాల్షియం, ఐరన్ గోళీలకు నాలుగు గంటలు ఎడం ఉండాలె, లేకపోతె టాబ్లెట్ ఒంటికి సరిగ్గ పట్టదంట. అంటె వేసుకున్న రోజులల్ల కూడ సగం దండగే.

ఏడుపు గురించి డాక్టరమ్మనే అడిగింది, నేను ముందు చెప్పలే, ఇగ ఎవరికన్న చెప్పాల్నంటె భయమైతుంది. థైరాయిడ్ తక్కువైతె మనసు కూడ కుంగుతదంట, ఇంత రక్తం తక్కువుంటె ఇంకింత నీరసం. "ముందు ఇవి సరిచేద్దాం, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్ళ టెస్ట్ చేద్దాం, అప్పటికి మనసు ఇట్లనే ఉంటె సైకియాట్రిస్ట్ కు చూపిద్దాం, తప్పేం లేదు" అన్నది. పది నిమిషాలల్ల అయిపోయింది, నన్ను ఒక్కసారి కూడ బంగారం అనలే.

సరే, తీసుకుందామనుకునేటోళ్ళకు నాలుగు మాటలు. డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉంటె అది తిండి సామాను అని మాత్రమే, మందు కాదు, రోగం తగ్గుతది అని అమ్మొద్దు. డాక్టర్ రాసిన గోళీ డాక్టరే ఆపాలె. రక్తం ఇచ్చేముందు ఏమేం మింగుతున్నరో అన్ని చెప్పుండ్రి, జుట్టు గోళీలు కూడ. పైసలు లేవని ఈ క్యాంపులకు పోకుండ్రి, బస్తీ దవాఖానల, పీహెచ్‌సీల రక్తం ఇస్తె రాష్ట్ర గవర్నమెంట్ టీ-డయాగ్నస్టిక్స్ స్కీం కింద ఫ్రీగ టెస్టులు చేస్తరు, థైరాయిడ్ కూడ. 2023 మార్చి 8న కరీంనగర్ ల మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ అనే గవర్నమెంట్ స్కీం కింద మంగళవారం ఆడవాళ్ళకే అని పెట్టిన్రు, మీ దిక్కు ఏ దవాఖానల ఉన్నదో ఆశా వర్కర్ ను అడిగి పోండ్రి. ఎవరికన్న చెప్పుకోవాల్నంటె 14416 టెలీ మానస్, మనసు బాధ చెప్పుకునే ఫోన్ లైన్, గవర్నమెంట్ దే, ఫ్రీ, తెలుగుల మాట్లాడతరు, రాత్రి కూడ ఎత్తుతరు. నాకు ఈ నంబర్ ఇప్పుడు తెలిసింది, 14,500 అయినంక.

1915 కన్స్యూమర్ హెల్ప్ లైన్ ల కంప్లైంట్ పెట్టిన. దాంతోని కాకపోతె జిల్లా కన్స్యూమర్ కమిషన్ కు పోత, 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడ లేదంట, కొన్న రసీదు నా దగ్గరనే ఉన్నది. కాని ఆ మెసేజ్ స్క్రీన్ షాట్ లేదు, డిలీట్ కాకముందు తీసే సోయి ఎక్కడిది నాకు. గ్రూపుల ఉండి స్క్రీన్ షాట్ తీసినోళ్ళు ఉంటె పర్సనల్ గ పంపుండ్రి, మీ పేరు బయటికి రానియ్య. పరకాల దిక్కు నుంచి ఒకామె నిన్న మెసేజ్ చేసింది, ఆమె అబార్షన్ సంగతి కూడ ఇట్లనే ఎవరికో చెప్పిందంట మేడం. ఆదివారం మళ్ళ ఫ్రీ క్యాంపు అని స్టేటస్ పెట్టింది, ఈసారి కాలేజ్ పిల్లలకంట, పీసీఓడీ స్పెషల్. మీ ఇంట్ల ఆ వయసు పిల్లలుంటె ఇది చూపించుండ్రి.