అట్లాంటా పోతే టస్కీగీ విమానాల మ్యూజియం వదలొద్దు

పాలమూరు నుంచి పిల్లల దగ్గరికని అట్లాంటా పోయి ఆరు నెలలు నాలుగు గోడల మధ్య కూర్చుని వచ్చే అమ్మానాన్నలు చాలామంది, నేనూ ఆ బాపతే. గుడి, మాల్, ఇండియన్ స్టోర్ అన్నీ రెండేసి సార్లు తిరిగాక ఒకరోజు అల్లుడు లీవు పెట్టి "పదండి మామయ్యా, విమానాలు చూద్దాం" అన్నాడు. రెండు గంటలకు పైగా ప్రయాణం, పక్కనే ఉన్న అలబామా రాష్ట్రంలో టస్కీగీ అనే చిన్న ఊరు. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, సరిహద్దు దాటగానే గడియారం గంట వెనక్కి పోతుంది, అది చూసుకోక మేం పొద్దున్నే పోయి తలుపులు తీసేదాకా కారులో కూర్చున్నాం. టికెట్ లేదు, ఫ్రీ.

ఆ జాగ పేరు మోటన్ ఫీల్డ్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా సైన్యంలో చేరిన నల్లజాతి కుర్రాళ్లు మొదట విమానం నడపడం నేర్చుకున్నది ఇక్కడే. నల్లవాళ్లకు తెలివి, ధైర్యం తక్కువని అంతకుముందు 1925లో ఆర్మీ వార్ కాలేజీ రిపోర్టే రాసి పెట్టింది, అయినా 1941 నుంచి 1946 లోపు టస్కీగీలో వెయ్యి మంది దాకా పైలట్లు తయారయ్యారు. మొదటి బ్యాచ్‌లో పాసైంది ఐదుగురే, అందులో బెంజమిన్ డేవిస్ ఒకరు. ఆయన వెస్ట్ పాయింట్ మిలిటరీ కాలేజీలో చదివిన నాలుగేళ్లూ తోటి కుర్రాళ్లు పని ఉంటే తప్ప మాట్లాడలేదట. నా మనవడికి ఇది ఎంతకీ అర్థం కాలేదు. మన ఊరి హోటల్లో రెండు గ్లాసులు ఉండేవని, ఎవరి గ్లాసు వాళ్లే కడుక్కుని పెట్టాలని చెప్తే ఇంకా అయోమయంగా చూశాడు.

మొదటి హ్యాంగర్లో, అంటే విమానాలు పెట్టే షెడ్డులో, నీలం ఒళ్లు, పసుపు రెక్కల స్టియర్‌మన్ విమానం ఉంది. అందరూ దాని ముందే ఫొటోలు దిగుతున్నారు, మా ఆవిడ మాత్రం పారాచూట్ దగ్గర ఆగిపోయింది. పొడవాటి బల్ల, దాని మీద పరిచిన గుడ్డ, తాళ్లు. చీర కుచ్చిళ్లు పెట్టినట్టు వేళ్లు ఆడించి చూసుకుని "ఒక్క మడత తప్పితే మనిషి పోతడు గదయ్యా" అంది. వాటిని మడిచినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. మెకానిక్కులు, గుమాస్తాలు అందరినీ కలిపితే ఒక్కో పైలట్ కోసం నేల మీద పని చేసినవాళ్లు పది మందికి పైనే. వాళ్ల మాటలు వాళ్ల గొంతులతోనే వినొచ్చు. మా నాయన సాగర్ డ్యామ్ పనిలో రాళ్లు మోసిన మనిషి, డ్యామ్ ఫొటో కనపడితే చాలు "దీంట్ల నా రాయి యాడున్నదో" అని నవ్వేవాడు. ఆ గొంతులు వింటుంటే నాకు ఇంగ్లీషు సగమే అర్థమైంది, అయినా అక్కడి నుంచి కదల్లేకపోయాను.

రెండో హ్యాంగర్లో ఎర్ర తోక ముస్టాంగ్ యుద్ధ విమానం పైనుంచి వేలాడుతూ ఉంటుంది, పిల్లలకు అదే హీరో. ఈ టస్కీగీ పైలట్లు కాపలా వెళ్తే ఒక్క బాంబర్ విమానం కూడా కూలలేదని చాలాకాలం చెప్పుకున్నారు, తర్వాత రికార్డులు తిరగేస్తే పాతికకు పైగా పోయాయని తేలింది, అయినా మిగతా దళాల సగటు కంటే తక్కువే. ఉన్నదే ఇంత గొప్పగా ఉంటే పైన అబద్ధం ఎందుకు కలిపారో!

లోటు చెప్పాలంటే, బోర్డుల మీద చదవాల్సింది మా వయసు కళ్లకు చాలా ఎక్కువ, చదివి చెప్పే మనిషిని వెంట తీసుకుపోండి. పార్కింగ్ ఎత్తు మీద, హ్యాంగర్లు కింద, దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది, ఎక్కేటప్పుడు మోకాళ్లు అడుగుతాయి. తెరిచే రోజులు ముందే చూసుకోండి, తిండి ఇంటి నుంచే కట్టుకుపోండి. తిరిగొచ్చేటప్పుడు మిగిలిన ఆ గంట మళ్లీ పోయింది, ఇల్లు చేరేసరికి ఏడున్నర, పులిహోర డబ్బా దారిలోనే ఖాళీ.