శబ్దం లేని పాత బుల్లెట్‌ను చూసి మురిసిపోకండి

ముదురాకుపచ్చ రంగు, 1993 మోడల్ బుల్లెట్ 350, "సింగిల్ ఓనర్, ఇంజనులో చిన్న శబ్దం కూడా లేదు" అన్న ప్రకటనను చెన్నైలో పాత బండ్ల కోసం వెతుకుతున్న మీలో చాలామంది చూసే ఉంటారు. 85,000 రూపాయలు పోసి దానిని కొన్న మహానుభావుణ్ణి నేనే. కొని నేటికి పద్దెనిమిది రోజులైంది, నిన్న సాయంత్రం ఇంజను పై భాగమైన హెడ్ విప్పించాను. అదే మనిషి దగ్గర మరో రెండు బుల్లెట్లు అమ్మకానికి ఉన్నాయని తెలిసింది కనుక, కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

ఆ ఆదివారం పెరంబూరులో అతని ఇంటికి వెళ్లేసరికి బండి వాకిట్లో సిద్ధంగా ఉంది. సిలిండరు రెక్కల మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. ఇప్పుడే మార్కెట్టుకు వెళ్లొచ్చానన్నాడు, నమ్మాను. నేను తెలుగువాణ్ణని తెలియగానే తనది సూళ్లూరుపేట అని చెప్పి, "మనవాళ్ల దగ్గర దాచేదేముంది అన్నా" అంటూ కాఫీ ఇప్పించాడు. ఒక్క కిక్కుకే బండి అందుకుంది. సైలెన్సరు చప్పుడు తప్ప, ఇంజను వాల్వులను తెరిచే టాపెట్ల టకటక ఒక్కటీ వినిపించలేదు. స్నేహితులందరికీ బుల్లెట్ల మీద అడగని ఉపన్యాసాలిచ్చే నేను ఆ నిశ్శబ్దానికి పరవశించి, "శబ్దం ఎంత బాగుంది!" అని అతని ముందే నోరారా మెచ్చుకున్నాను. ఆ మాటే తర్వాత నాకు ఉరితాడైంది.

పోత ఇనుము సిలిండరున్న ఈ పాత ఇంజనులో టాపెట్లను పూర్తిగా చల్లారిన తర్వాతే సరిచేయాలి. ప్లగ్గు విప్పి, టాప్ గేరులో వెనక చక్రం తిప్పుతూ, కంప్రెషన్ (సిలిండరులోని గాలిని నొక్కే) స్ట్రోకులో పిస్టను పైకి వచ్చి రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో ఆపి, కుడివైపున సిలిండరు అడుగున ఒకే నట్టుతో బిగించి ఉండే మూత తీస్తే, టాపెట్ల కదలికను పైనున్న వాల్వులకు చేర్చే పుష్‌రాడ్ల కింది కొనలు కనిపిస్తాయి. ఒక్కో రాడ్డు రెండు వేళ్లతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. వేరే బండ్లలోలాగా ఇక్కడ సందు కొలిచే ఫీలర్ గేజితో పని లేదు, ఉంచవలసిన ఖాళీ సున్నాయే. వేడెక్కినప్పుడు లోహాలు తలో తీరుగా సాగుతాయి కనుక, నడిచి వచ్చిన బుల్లెట్ కొంచెం టకటకలాడటం జబ్బేమీ కాదు. ఆ కాస్త శబ్దాన్నీ నొక్కేయాలనుకునేవాడికి అడ్జస్టరును రాడ్డు తిరగనంతగా బిగించడం పది నిమిషాల పని. అలా బిగిస్తే, ముఖ్యంగా ఇంజను చల్లారాక, వాల్వు తన సీటు (మూసుకున్నప్పుడు ఆనుకునే చోటు) మీద పూర్తిగా కూర్చోదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని సీటుకు దించుకునేది మూసుకుని ఉన్నప్పుడే కాబట్టి, ఆ సన్నని సందులోంచి మంట చొరబడి దాని అంచును కొంచెం కొంచెంగా తినేస్తుంది.

మర్నాడు ఉదయం, చల్లటి ఇంజను మీద కిక్కరు ఏ అడ్డూ లేకుండా కిందికి జారిపోయింది. కంప్రెషన్ లేదని అప్పుడే గ్రహించవలసింది. కార్బురేటరు లోపమేమోనని నాకు నేనే సర్దిచెప్పుకుని, రోజూ ఇరవై కిక్కులు కొడుతూ రెండు వారాలు ఆఫీసుకు నడిపిన ఘనత మాత్రం పూర్తిగా నాదే. మొన్న శనివారం ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద కోవళం దాటాక లాగుడు పోయింది, సైలెన్సరులో పటపటమని పేలుళ్లు మొదలయ్యాయి. పుదుపేటలో నాకు తెలిసిన మెకానిక్కు మూత తీసి ఎగ్జాస్ట్ రాడ్డును తిప్పబోతే అది కదలనే లేదు, లాక్‌నట్టు మూలల మీద స్పానరు గీతలు కొత్తగా మెరుస్తున్నాయి. హెడ్ దించితే వాల్వు అంచు ఎలుక కొరికిన అప్పడంలా ఉంది.

అక్కడి నుంచే అతనికి ఫోను చేశాను. కాఫీ రోజు "అన్నా" అన్నవాడు "ఎవరండీ?" అన్నాడు. బండి గుర్తు చేశాను. టాపెట్లు ఎవరు బిగించారని అడిగాను. బుకాయిస్తాడనీ, మెకానిక్కు మీదకు నెడతాడనీ అనుకుని దానికి తగిన జవాబులన్నీ సిద్ధం చేసుకున్నాను. అతను ఏమాత్రం తడుముకోకుండా, "నేనే. టకటకలాడే బండిని ఎవరు కొంటారు సార్? మీరే కదా శబ్దం ఎంత బాగుంది అన్నారు, ఆ శబ్దమే ఇచ్చాను" అన్నాడు. అని నవ్వాడు. వెనక ఎవరో కూడా నవ్వారు. సిద్ధం చేసుకున్న జవాబులలో ఒక్కటి కూడా నోటికి రాలేదు. మళ్లీ చేస్తే ఫోను కలవలేదు. వాల్వు కాలిందన్న బాధ కంటే, నా మెప్పును దాచిపెట్టుకుని నాకే రసీదులా చూపించాడన్న మంట ఎక్కువగా ఉంది.

వాల్వు, గైడు, సీటు కోత, గాస్కెట్లు, కూలి కలిపి 9,400 రూపాయలు చెప్పారు.

చూడటానికి వెళ్లేవాళ్లు బండిని స్టార్టు చేయవద్దని ముందు రోజే చెప్పి, వెళ్లగానే సిలిండరు మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉంటే కాఫీ ముట్టకుండా వెనక్కి రండి. చల్లగా ఉంటే మూత తీయించి రాడ్లు తిప్పి చూడండి. అతని వాకిట్లో ఇప్పుడు నల్లటిది ఒకటి, ఎర్రటిది ఒకటి ఉన్నాయి. రెండింటిలోనూ చిన్న శబ్దం కూడా లేదట.