పరుగు నుంచి ట్రయథ్లాన్‌కి: మూడేళ్లుగా చేతికున్న వాచీ

ఈ మల్టీస్పోర్ట్ జీపీఎస్ వాచీ కొని మూడేళ్లు దాటింది. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే నేను పడ్డ తంటాల్లో సగం వాచీవి, సగం నావే. అప్పటికి నాకు 45. పదేళ్లుగా పరుగు తప్ప వేరే వ్యాయామం తెలియదు. మోకాలు మొరాయించాక ట్రయథ్లాన్ వైపు, అంటే ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే పోటీ వైపు చూశాను. మొదటి టార్గెట్ స్ప్రింట్ అనే పొట్టి దూరం: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు.

పరుగులో అలవాటైన వేగం లెక్కనే మూడింటికీ పెట్టడం నేను చేసిన పెద్ద తప్పు. సైకిల్ మీద సగటున గంటకి 28 కిలోమీటర్లు రావాల్సిందేనని ఆదివారాలు నెల్లూరు నుంచి మైపాడు బీచికి తొక్కేవాణ్ణి. జూన్‌లో పడమటి గాలి వెనకనుంచి తోస్తుంటే పోయేటప్పుడు వాచీ 32 చూపించేది, నన్ను మించినోడు లేడనిపించేది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి మొహాన కొట్టి 19కి దించేది. వాచీకి గాలి సంగతి తెలియదు. నాకు తెలిసీ బుద్ధి రాలేదు.

గుండె వేగం దగ్గర ఇంకా మోసపోయాను. పరుగులో 150 కొట్టుకునే గుండె అంతే కష్టానికి సైకిల్ మీద 142 దగ్గర ఉంటుంది, నా వరకు. నేను పరుగు జోన్లనే, అంటే ఎంత కష్టానికి గుండె ఎంత కొట్టుకోవాలో చెప్పే హద్దులనే, పట్టుకుని తొక్కి, సోమవారం ఆఫీసులో కునికిపాట్లు పడేవాణ్ణి. సైకిల్‌కి వేరే జోన్లు పెట్టుకునే సదుపాయం ఈ వాచీలోనే ఉంది. సెట్టింగుల్లో ఎక్కడో దాచిపెట్టారు, దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఈత మోడ్ యావరేజ్. 25 మీటర్ల పూల్‌లో 750 అంటే 30 పొడవులు. మధ్యలో ఎవరైనా అడ్డొచ్చి ఆగితే ఒకటి ఎక్కువ లెక్కేస్తుంది. కిక్‌బోర్డ్ పట్టుకుంటే చెయ్యి కదలదు కాబట్టి అసలు లెక్కే ఉండదు. నా అవస్థ చూసి పూల్ కోచ్, నాకంటే ఇరవయ్యేళ్లు చిన్నవాడు, "అన్నా, ఆ వాచీ తీసి గట్టు మీద పెట్టు. ఈ గోడ నుంచి ఆ గోడకి ఎన్ని చేతులేశావో లెక్కపెట్టుకో చాలు" అన్నాడు. 28 చేతులు పడేవి. ఐదు నెలలకి 22 అయ్యాయి. టైమ్ గురించి ఆలోచించకుండానే 750 మీటర్లు 27 నిమిషాల నుంచి 20కి వచ్చాయి.

అన్నిటికంటే చిరాకు తెప్పించేది దీని తీర్పులు. ఈత, సైకిల్ పెంచి పరుగు వారానికి 50 నుంచి 25 కిలోమీటర్లకు తగ్గిస్తే "ఫిట్‌నెస్ తగ్గుతోంది" అంటుంది. పవర్ మీటర్ (ఎంత బలంతో తొక్కుతున్నామో కొలిచే పరికరం) లేని సైకిల్ దాని లెక్కలోకి రాదట. ఆ మాట చదివి టెన్షన్ పడి అదనంగా పరిగెత్తి మోకాలు మళ్లీ వాచగొట్టుకున్నాను. "అలిసిపోయారో లేదో అది చెప్తే గానీ మీకు తెలియదా?" అంది మా ఆవిడ. ఆ నోటిఫికేషన్ ఆపేశాను.

నచ్చింది ఒక్కటి: సైకిల్ దిగి బటన్ నొక్కితే పరుగులోకి మారిపోతుంది. కాళ్లు దిమ్మల్లా ఉండే ఆ మొదటి కిలోమీటరు ఎంత నెమ్మదిగా పోతున్నానో అప్పుడే చూసుకోవచ్చు. ఆ ఒక్క కిలోమీటరుకే ఇప్పుడు వేగం టార్గెట్ పెట్టుకుంటాను. మిగతావన్నీ గంటల్లోనే, వారానికి ఆరు.

జీపీఎస్‌తో కొత్తలో 20 గంటలొచ్చిన బ్యాటరీ ఇప్పుడు 12 వస్తుంది. రబ్బరు స్ట్రాపులు రెండు తెగాయి. ఒలింపిక్ దూరానికి, అంటే 1,500 మీటర్లు, 40, 10 కిలోమీటర్లకు, ఇదే వాచీతో తయారవుతున్నాను. ఈసారి గుడ్డ స్ట్రాప్ వేశాను.