మేరీ బేకర్ ఎడ్డీ లైబ్రరీ, బోస్టన్: ఆ గాజు గోళంలో ఒక పూట

బోస్టన్‌లో మా అమ్మాయి దగ్గరకు వచ్చి మూడు నెలలైంది. అందరూ హార్వర్డ్ చూడమన్నారు. నేను మాత్రం మసాచుసెట్స్ అవెన్యూలోని మేరీ బేకర్ ఎడ్డీ లైబ్రరీకి తీసుకెళ్లమని అడిగాను. క్రిస్టియన్ సైన్స్ అనే చర్చిని మొదలుపెట్టినావిడ పేరు మీద ఉన్న లైబ్రరీ అది.

మావారు డయాలసిస్ మీద ఉన్న రోజుల్లో ఎవరో చెబితే మా ఊళ్లో ఒక పాజిటివ్ థింకింగ్ క్లాసుకి వెళ్లాను. "మీ ఇంట్లో నెగెటివ్ ఆలోచనలు ఉన్నాయమ్మా, అందుకే ఆయనకి ఈ జబ్బు" అన్నారు అక్కడి మాస్టారు. ఆ మాట పట్టుకుని ఆర్నెల్లు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆయన పోయాక, అసలు ఈ మాట ఎక్కడ పుట్టిందో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. ఆ చదువే నన్ను ఈ గుమ్మం దాకా తెచ్చింది.

మెయిన్ రాష్ట్రంలో ఫినియస్ క్విమ్బీ అని గడియారాలు చేసే ఆయన ఉండేవాడు. జబ్బంటే మనిషిలో పాతుకుపోయిన తప్పుడు నమ్మకమేనని, రోగుల పక్కన కూర్చుని మాట్లాడుతూ నయం చేసేవాడు. ఏళ్ల తరబడి ఆరోగ్యం బాగాలేని మేరీ బేకర్ ఎడ్డీ 1862లో పోర్ట్‌లాండ్‌లో ఆయన దగ్గరకు వెళ్లింది. 1866 జనవరిలో ఆయన పోయాడు. ఫిబ్రవరిలో ఆమె లిన్ ఊళ్లో మంచు మీద జారిపడింది. బైబిలు చదువుతూ లేచి నిలబడ్డానని తర్వాత రాసుకుంది. 1875లో ఆమె పుస్తకం వచ్చింది, 1879లో చర్చి మొదలైంది.

అయితే ఆమె చెప్పింది మా మాస్టారు చెప్పినది కాదు. మనోబలంతో జబ్బు తగ్గించడాన్ని ఆమె ఒప్పుకోలేదు. ఉన్నదంతా దేవుడే, ఈ పదార్థం నిజం కాదు అంది. శంకరుల మాటలు వింటూ పెరిగిన చెవికి ఇది మరీ కొత్తగా అనిపించదు. 1894 వేసవిలో వివేకానందస్వామి మెయిన్‌లోని గ్రీన్ ఏకర్‌లో పైన్ చెట్టు కింద పాఠాలు చెప్పినప్పుడు, అక్కడ చేరినవాళ్లలో ఈ మనోవైద్యం మనుషులూ ఉన్నారు. ఎడ్డీని విడిచి వెళ్లిన ఎమ్మా కర్టిస్ హాప్కిన్స్ లాంటి వాళ్ల ద్వారా, మనసుతోనే జబ్బు నయమవుతుందన్న ఆలోచన ఊరూరా పాకింది. మంచి ఆలోచనలతో డబ్బు, విజయం కూడా వస్తాయన్నవి తర్వాత తర్వాత వచ్చి చేరాయి. మొదట్లో ఉన్నది ఒళ్లు బాగుపడాలన్న రోగుల ఆరాటం. ఇది తెలిశాక నాకు వాళ్ల మీద కోపం పోయింది.

ఇక లైబ్రరీలో చూడాల్సింది మ్యాపేరియం. 1935లో కట్టిన మూడంతస్తుల గాజు భూగోళం ఇది. వ్యాసం 30 అడుగులు, 608 గాజు పలకలు. గోళం లోపల వంతెన మీద నిలబడి, చుట్టూ వెలుగుతున్న ప్రపంచాన్ని చూస్తాం. రంగులు అప్పుడే వేసినట్టున్నాయి. దేశాలు 1935లోవే: పాకిస్తాన్ లేదు, బంగ్లాదేశ్ లేదు, థాయిలాండ్ ఇంకా సయామే. మా నాన్నగారు చిన్నప్పుడు బళ్లో చూసిన ఇండియా అదే కదా అని అక్కడే కాసేపు ఆగిపోయాను. మేం వెళ్లినప్పుడు లోపల ఫొటోలు తీయనివ్వలేదు. నాకైతే అదే నచ్చింది, అందరూ కళ్లతోనే చూశారు. గోళానికి వైద్యానికి సంబంధం లేదు, ఆ చర్చి ప్రచురణలు ప్రపంచమంతా చేరాయనడానికి గుర్తుగా కట్టారు. ఈ ఆలోచనల చరిత్ర కావాలంటే ఇంట్లో చదువుకునే రావాలి. ఐదుకి ఐదు ఇస్తాను.

అక్కడ శబ్దం విచిత్రంగా ఉంటుంది. వంతెన ఈ చివర గుసగుసగా అన్న మాట ఆ చివర స్పష్టంగా వినిపిస్తుంది. అమ్మాయిని అటు పంపి, నేను ఇటు నిలబడి మెల్లగా అన్నాను: "మీ నాన్నకి జబ్బు నా వల్ల రాలేదే."

నా చెవి పక్కనే నిలబడి చెప్పినట్టు వచ్చింది దాని గొంతు: "తెలుసమ్మా. ఇక రా, వెనకాల వాళ్లు ఎదురుచూస్తున్నారు."