డీప్‌డిఫ్‌తో చాలాకాలం పనిచేశాక

నేను చూసేది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. పాత సిస్టమ్ లెక్కగట్టిన ఇన్‌వాయిస్, కొత్తది లెక్కగట్టిన ఇన్‌వాయిస్ పైథాన్‌లో రెండు ఆబ్జెక్టులుగా వస్తాయి. రెండూ ఒకటేనా, కాకపోతే ఏ ఆట్రిబ్యూట్ (ఆబ్జెక్టు లోపలి విలువ) తేడా కొట్టింది? రోజూ తేల్చాల్సింది ఇదే. అందుకే రెండు ఆబ్జెక్టుల మధ్య తేడాలను వెతికి చూపించే డీప్‌డిఫ్ లైబ్రరీని పట్టుకున్నాను, ఇప్పటికీ వదల్లేదు.

మామూలు క్లాసుతో చేసిన రెండు ఆబ్జెక్టుల మధ్య, సమానమేనా అని అడిగే == పెడితే, లోపలి విలువలన్నీ సరిపోయినా ఫాల్స్ వస్తుంది. పైథాన్ 3.7లో వచ్చిన డేటాక్లాసులు ఆ బాధ తీర్చాయి. ఫీల్డులన్నిటినీ పోల్చే మెథడ్ దానంతటదే తయారవుతుంది. పోల్చక్కర్లేని ఫీల్డును పక్కన పెట్టే వీలూ ఉంది. అయినా దొరికే జవాబు అవును, కాదు, అంతే. బోలెడు ఫీల్డులున్న ఇన్‌వాయిస్‌కి ఉత్త 'కాదు' ఏం సరిపోతుంది? ఆబ్జెక్టు ఆట్రిబ్యూట్లను డిక్షనరీగా ఇచ్చే వార్స్‌తో రెండు డిక్షనరీలు తీసి లూప్ తిప్పొచ్చు గానీ, లిస్టులో మళ్లీ ఆబ్జెక్టులుంటే ఆ లూప్ లోపలి తేడా చూపించదు.

డీప్‌డిఫ్ అడుగంటా వెళ్తుంది. రూట్.లైన్స్[2].ట్యాక్స్ (అంటే మూడో లైను పన్ను) దగ్గర పాత విలువ ఇది, కొత్త విలువ ఇది అని చూపిస్తుంది. నాకు బాగా నచ్చింది, టైపు మారితే దాన్ని విడిగా చెప్పడం. డెసిమల్ (కచ్చితమైన దశాంశ సంఖ్య) 100, ఫ్లోట్ (ఉజ్జాయింపుగా దాచే దశాంశ సంఖ్య) 100.0 రెండూ సమానమేనంటుంది ==. డీప్‌డిఫ్ ఊరుకోదు, టైపు మారిందని చెబుతుంది. డబ్బు లెక్కల్లోకి ఫ్లోట్ చొరబడితే పైసల దగ్గర తేడాలొస్తాయి కాబట్టి ఈ హెచ్చరిక బంగారం. సంఖ్యల టైపు తేడాలను వదిలేయమనే ఆప్షన్ కూడా ఉంది. నేను మాత్రం దాన్ని ముట్టుకోను.

ఇగ్నోర్ ఆర్డర్ ఆప్షన్ దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. లైన్ల వరుస మారినా పట్టించుకోవద్దని దాన్ని ఆన్ చేస్తాం. అది వరుసతోపాటు పునరావృతాన్నీ వదిలేస్తుంది. అంటే ఒకే ఛార్జీ ఒక ఇన్‌వాయిస్‌లో ఒకసారి, ఇంకోదాంట్లో రెండుసార్లు పడ్డా తేడా ఏమీ లేదనే అంటుంది! కస్టమర్ దగ్గర రెండుసార్లు వసూలు చేసే బగ్ టెస్టు దాటి వెళ్లిపోవడానికి ఇది చాలు. పక్కనే రిపోర్ట్ రిపిటిషన్ ట్రూ అని పెట్టి తీరాలి. ఇది మొదటినుంచీ ఆన్‌లోనే ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం.

పోల్చొద్దని చెప్పే ఎక్స్‌క్లూడ్ పాత్స్ ఆప్షన్‌తో ఐడీ, తయారైన సమయం లాంటివి తీసేస్తాను. ఆ జాబితాలో కొత్త పేరు చేర్చాలంటే మా టీమ్‌లో ఇంకొకరు చూసి ఒప్పుకోవాలి. టెస్టు పాస్ కావడం లేదని ఒక్కో ఆట్రిబ్యూట్‌నే పక్కకు నెట్టుకుంటూ పోతే చివరికి పోల్చేది ఏమీ మిగలదు.

వేగం దీని బలం కాదు. వేలకొద్దీ వస్తువులున్న లిస్టులకు వరుస పట్టించుకోవద్దంటే, ఏది దేనికి జత అని వెతుక్కుంటూ బాగా నెమ్మదిస్తుంది. అలాంటిచోట ముందు ఇన్‌వాయిస్ నంబరు కీగా డిక్షనరీ కట్టి, == తో వడపోసి, తేడా తేలిన జతలనే డీప్‌డిఫ్‌కి ఇస్తాను.